వేడినీళ్ల కుళాయి

ఆ ఇంట్లో రెండు స్నానాల గదులు ఉన్నాయి. పెరట్లో ఉన్నదాన్ని అందరూ వాడతారు. వరండా చివర ఉన్నదాన్ని ఎవరూ వాడరు. అందులో గోడకి గీజరు ఉంది, మసకబారిన అద్దం ఉంది, కొక్కేనికి ఒక నీలం తువ్వాలు రెండేళ్లుగా వేలాడుతోంది. దాన్ని తీసి మడతపెట్టే ధైర్యం ఎవరికీ చాలలేదు.

ఆ ఇంటాయన ఫ్రేములు కడతాడు. ఆ ఫ్రేముల ఆయన మొదటి భార్య ఆ గదిలోనే పోయింది. తలస్నానానికని వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. తలుపు విరగ్గొట్టి చూసేసరికి కుళాయి పక్కన పడి ఉంది. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. అంత చిన్న వయసులో గుండె ఎందుకు ఆగుతుందని అడిగే స్థితిలో అప్పుడు ఎవరూ లేరు.

ఆయనకి వీధి మలుపులో దుకాణం ఉంది. ఫొటోలకీ అద్దాలకీ ఫ్రేములు కడతాడు. చేతిపని తెలిసినవాడు కాబట్టి ఇంట్లో ఏది పాడైనా ఇంకొకరిని పిలవడు, తనే విప్పి తనే బిగిస్తాడు. కూతురు చదివే బళ్లో ఫిజిక్సు చెప్పే టీచర్ని రెండేళ్ల తరవాత పెళ్లి చేసుకున్నాడు. ఆ కూతుర్ని నాయనమ్మ పిచ్చుక అని పిలిచేది. ఆ పిల్లకి ఆమె బళ్లోనూ టీచరే, ఇంట్లోనూ టీచరే. అమ్మా అని పిలవమని ఎవరూ బలవంతపెట్టలేదు.

అత్తగారంటే టీచరుకి ఉన్న కాస్త బెరుకూ మొదటి వారంలోనే పోయింది. ముసలావిడ వయసులో ఉండగా బట్టలు ఇస్త్రీ చేసి బతికిన మనిషి. అరచేతులు కాయలు కాచి చెక్కల్లా ఉండేవి. వేడి గిన్నెని గుడ్డ లేకుండా దించి, "నా చేతులు ఎప్పుడో చచ్చాయమ్మాయ్, నోరొక్కటే బతికుంది," అని నవ్వేది. కానీ ఒక్క సంగతి టీచర్ని లోపల్లోపల తొలిచేది. చనిపోయిన కోడలి గురించి ముసలావిడ ఎప్పుడూ "ఉండేది", "చేసేది" అనేది కాదు. "నా కోడలికి కూరలో ఉప్పు ఎక్కువైతే గిట్టదు," అనేది. "నా కోడలు పొద్దున్న కాస్త చిరాగ్గా ఉంటుంది," అనేది. వింటున్నవాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వచ్చేది.

ఒక సెలవురోజు ఆయన దుకాణానికి వెళ్లాడు. పిచ్చుక స్నేహితురాలింటికి వెళ్లింది. టీచరు పెరట్లో బట్టలు ఉతుకుతుంటే ఇంట్లోంచి మాటలు వినిపించాయి. ఎవరొచ్చారా అని తడిచేతులతోనే లోపలికి వచ్చింది. హాల్లో ఎవరూ లేరు. వరండా చివరి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట గోడమీది స్విచ్చికి ఎర్రదీపం వెలుగుతోంది.

లోపల ముసలావిడ చిన్న పీటమీద కూర్చుని, వేడినీళ్ల కుళాయిని కుడిచేత్తో పట్టుకుని మాట్లాడుతోంది.

"నీ కూతురు నిన్న అన్నం సరిగ్గా తినలేదే. అడిగితే చెప్పదు, నీలాగే. కొత్తమ్మాయి మంచిదే, చెప్పాగా... ఏమిటివాళ మరీ మెల్లగా పట్టుకున్నావు? ఒంట్లో బాలేదా?"

టీచరు గుమ్మంలోనే నిలబడింది. ముసలావిడ తల తిప్పి చూసి, ఏమాత్రం తడబడకుండా, "రా అమ్మాయ్, నీ గురించే చెప్తున్నా," అంది.

"ఎవరితో, అత్తయ్యా?"

"ఇంకెవరితో? దీంతోనే." కుళాయిని చూపించింది. "మొదట నాకూ తెలీలేదు. అది పోయిన నెలకి, ఈ గది కడుగుదామని వచ్చి నీళ్లు కాగడానికి పెట్టా. కుళాయి పట్టుకుంటే వేళ్లలో జుమ్ముమంది. చీమలు పాకినట్టు. చెయ్యి తీస్తే పోయింది, పెడితే వచ్చింది. నా చేతులకి వేడే తెలీదు గదా, ఇదెలా తెలుస్తోంది అనుకున్నా. అప్పుడర్థమైంది. రోజూ వస్తుంది. నీళ్లు కాగుతున్నంతసేపూ ఉంటుంది. నువ్వూ పట్టుకో, ఏమనదు."

టీచరు చెయ్యి చాపింది. ఎందుకు చాపిందో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకి తెలియలేదు. ఏళ్ల తరబడి పిల్లలకి కరెంటు పాఠం చెప్పిన మనిషి, కాళ్లకి చెప్పుల్లేకుండా, తడిచేత్తో, ఆ కుళాయిని తాకింది.

ఏదో ఆమె వేళ్లని బిగించి లాగింది. మోచేతిదాకా, భుజందాకా పట్టి విదిలించి కొట్టింది. వెనక్కి పడి తలుపుకి కొట్టుకుంది. ఒళ్లంతా చెమట. ఆ ఒక్క క్షణం ఆమెకి ఏ సూత్రమూ గుర్తు రాలేదు. ఒక ఆడమనిషి చెయ్యే గుర్తొచ్చింది, వదలడానికి ఇష్టంలేని చెయ్యి.

"అయ్యో, కోపమేం లేదులే, కొత్త గదా నువ్వు," అంది ముసలావిడ ఓదార్పుగా.

టీచరు చూపు స్విచ్చి దగ్గరి ఎర్రదీపం మీద పడింది. లేచి టప్పున ఆపేసింది.

"అత్తయ్యా, చెయ్యి తీసేయండి. అది కరెంటు."

"నువ్వు కరెంటను. నేను కోడలంటాను. పేరులో ఏముందీ?"

"చంపేస్తుంది అత్తయ్యా!"

ఆ మాట నోట్లోంచి జారిపోయాక గానీ ఏమన్నదో ఆమెకి తట్టలేదు. పోయినావిడ తలనిండా నీళ్లతో, తడి గచ్చుమీద నిలబడి, ఇదే కుళాయిని పట్టుకుంది.

ముసలావిడని మాటల్లో పెట్టి వంటింట్లోకి పంపించి, టీచరు మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది. భర్త పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి గీజరు ప్లగ్గు విప్పింది. లోపల వైర్లు రెండే ఉన్నాయి. మూడో వైరు, ఎర్త్ వైరు, బయటే కత్తిరించి ఉంది. ఆ గోడ సాకెట్టు పాతది, రెండే కన్నాలు. దానికి సరిపోయేలా ఎవరో మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు పిన్నులది బిగించారు. గీజరు లోపల ఎక్కడో తీగ దెబ్బతిని కరెంటు డబ్బాకి తగులుతోంది. నేలలోకి పోవలసిన ఆ కరెంటుకి దారి లేదు, కుళాయి పట్టుకున్న మనిషి తప్ప.

తెగిన వైరు కొసని చక్కగా మడిచి టేపు చుట్టారు. అది నల్లటేపు కాదు. ఫ్రేము వెనక అట్ట ఊడకుండా అంటించే గోధుమరంగు కాగితం టేపు. అంచులు సమంగా, ముడత లేకుండా ఉంది. ఆ పనితనం ఎవరిదో ఆమెకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ప్లగ్గు మళ్లీ బిగించకుండా వైర్లని అలాగే వదిలేసి, ఫ్యూజు పెట్టేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

మర్నాడు ముసలావిడ ఆ గదిలోకి వెళ్లి చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చాక టీచర్ని చూసి, "పంపించేశావు," అని ఒక్కమాట అని తన మంచం దగ్గరికి పోయింది. ఆరోజు నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ముసలావిడ తిండి తగ్గించేసింది. ఇల్లు మునుపటికన్నా నిశ్శబ్దమైంది. టీచరుకి ఆ గది ముందునుంచి నడవాలంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉండేది. లోపల ఏమీ లేదని తెలిశాక కూడా.

అదే వారం బళ్లో విద్యుత్ సామర్థ్యం పాఠం వచ్చింది. దాటెయ్యడానికి వీల్లేదు. బోర్డుమీద రాసింది: రెండువేల వాట్ల హీటరు, రెండువందల ఇరవై వోల్టులు. భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పెడతాం. అంతకన్నా ఎక్కువ పారితే ఫ్యూజు తీగ కరిగిపోతుంది.

వెనక బెంచీలోంచి పిచ్చుక లేచింది. "టీచర్, మనిషికి షాక్ కొడితే ఫ్యూజు ఎందుకు పోదు?"

టీచరు చేతిలో చాక్‌పీసు బల్లమీద పెట్టింది.

"మనిషిలోంచి పారేది ఫ్యూజుకి ఒక లెక్కలోది కాదు. ఆంపియరులో పదోవంతు చాలు, గుండె లయ తప్పడానికి. ఫ్యూజు పెట్టేది వైర్లు కాలకుండా. మనిషి సంగతి దానికి తెలీదు."

"మరి ఒకరికి కొట్టి ఒకరికి కొట్టకపోవడం ఉంటుందా?"

"ఉంటుంది. వోల్టేజి అందరికీ ఒకటే. నిరోధం వేరు. పొడిచర్మం, కాయలు కాచిన చర్మం అయితే లక్ష ఓములు ఉండొచ్చు. రెండు మిల్లీ ఆంపియర్లు పారతాయి, జుమ్ముమంటుంది అంతే. ఒళ్లంతా తడిగా ఉంటే వెయ్యి ఓములకి పడిపోతుంది."

"రబ్బరు చెప్పులేసుకుంటే?"

"దాదాపు ఏమీ తెలీదు."

పిచ్చుక కూర్చుంది. పుస్తకంలో ఏదో భాగహారం చేసింది. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు ఆ పిల్లే మొదలెట్టింది. "ఆ గీజరు ప్లగ్గు విప్పి ఉండడం చూశాను టీచర్. అమ్మ అప్పట్లోనే చెప్పింది, కుళాయి కరుస్తోందని. నాన్న వెళ్లి పట్టుకుని చూశాడు, చెప్పులేసుకునే. ఏం లేదే, నీకు చక్కిలిగింతలు ఎక్కువ అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది." నడక ఆపకుండానే, "నాన్నకి చెప్తారా?" అని అడిగింది.

"నువ్వేమంటావు?"

"నాకు తెలీదు," అంటూనే ఏడ్చేసింది. టీచరు నడిరోడ్డు మీదే ఆగి ఆ పిల్లని పొదివి పట్టుకుంది.

చెప్పకూడదనే అనుకుంది. పోయిన మనిషి ఎలాగూ రాదు, ఉన్నవాణ్ణి ఎందుకు చంపడం? వైర్లు విప్పేసింది కదా, ఇక ఎవరికీ ఏమీ కాదు. అలా కొన్నాళ్లు గడిచాయి. చలి ముదిరింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన దుకాణం మూసి ముందే వచ్చాడు. చేతిలో కొత్త అద్దం, చుట్టూ తనే కట్టిన ఫ్రేము.

"ఎన్నాళ్లని పెరట్లో చన్నీళ్లు పోసుకుంటావు? ఆ గది తెరిచేద్దాం. పాత అద్దం తీసేసి ఇది పెడతా. గీజరు కూడా బాగానే ఉంటుంది, నేను బిగించిందేగా."

ఇక దాచడానికి దారిలేదు. టీచరు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. తెగిన వైరు సంగతి, టేపు సంగతి చెప్పింది. చెప్పుల సంగతి చెప్పాలనుకోలేదు గానీ ఆయనే అడిగాడు.

"మరి నాకేం తెలీలేదే? నేను పట్టుకుని చూశానే."

"మీ కాళ్లకి..." అని ఆగింది.

ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు.

తరవాత లేచి, పనిముట్ల డబ్బా తీసుకుని ఆ గదికి వెళ్లాడు. ఏం చేస్తున్నాడో ఆమెకి మొదట తట్టలేదు. గచ్చుమీద చతికిలబడి వైర్లని ప్లగ్గులో బిగిస్తున్నాడు. చేతులు వణకడంలేదు, ఫ్రేముకి మేకులు కొడుతున్నంత నిదానంగా ఉన్నాయి. ప్లగ్గు సాకెట్టులో పెట్టాడు. చెప్పులు విడిచి అవతలికి తోశాడు. చెంబుతో నీళ్లు తీసి తలమీద గుమ్మరించుకుని, తడికాళ్లతో నిలబడి, రెండుచేతులా కుళాయి పట్టుకున్నాడు.

"స్విచ్చి వెయ్యి."

"ఏమండీ, ఇవతలికి రండి."

"అది చెప్పింది. నేను నవ్వాను. ఎలా ఉంటుందో నాకు తెలియాలి. వెయ్యి టీచర్, నీకు పుణ్యముంటుంది."

స్విచ్చి తలుపు బయట ఉంది. ఆమె దానికి వీపు ఆనించి నిలబడింది. మెయిన్ దగ్గరికి పరిగెత్తాలంటే స్విచ్చిని వదలాలి. "పిచ్చుకా! ఫ్యూజు పీకెయ్!" అని అరిచింది. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. పిల్ల ఇంకా బడినుంచి రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అరుపు విని వచ్చింది ముసలావిడ. గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. తడిసి ముద్దైన కొడుకునీ, కుళాయినీ, స్విచ్చికి అడ్డంగా నిలబడ్డ కోడల్నీ చూసింది. ఆమెకి ఎంత అర్థమైందో ఏమో. గదిలోకి అడుగుపెట్టి కొడుకు మణికట్టు పట్టుకుంది.

"అక్కడ లేదురా అది."

"అమ్మా, నువ్వు వెళ్లు."

"ఉంటే నాకు తెలీదూ? రోజూ పట్టుకున్నదాన్ని నేను. మాట్లాడింది నేను. ఒక్కసారి తిరిగి పలికిందా? ఊరికే జుమ్ముమనేది." ముసలావిడ ఆ మణికట్టుని ఇవతలికి లాగింది. "కరెంటు నాన్నా. ఉట్టి కరెంటు. నీకు చెప్పడానికేం లేదు దాని దగ్గర. వదిలెయ్."

ఆయన వేళ్లు ఒక్కొక్కటే ఊడాయి. అక్కడే గచ్చుమీద కూలబడి, తల్లి మోకాళ్లలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. రెండేళ్ల కిందట అంత్యక్రియల రోజున కూడా ఆయన అలా ఏడవలేదని తరవాత చుట్టాలు చెప్పగా టీచరు విన్నది. ఆమె వెళ్లి ఫ్యూజు పీకి, ప్లగ్గు ఊడదీసింది.

మర్నాడు కరెంటు పనివాళ్లొచ్చి గీజరు దించి తీసుకుపోయారు. గోడలో మూడు కన్నాల సాకెట్టు పెట్టి, ఇల్లంతా ఎర్త్ వైరు లాగారు. నీలం తువ్వాలు పిచ్చుక తీసి మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. ఫ్రేముల ఆయన కొన్నాళ్లు దుకాణం తెరవలేదు. తెరిచాక కూడా మాట తగ్గింది. ఒక్కోసారి పనిమధ్యలో చెయ్యి ఆపి ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. కొన్ని రాత్రులు ఆయన నిద్రలో నవ్వేవాడు. ఆ నవ్వు వినలేక టీచరు ఆయన్ని తట్టి లేపేది.

చలి తగ్గాక ఒకరోజు పొద్దున్న, టీచరు కూరలు తరుగుతుంటే ముసలావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. అన్నాళ్ల తరవాత మొదటిసారి తనంతట తానే నోరు విప్పింది.

"అమ్మాయ్, కుళాయిలోది ఉట్టి కరెంటేననుకో. మరి నా కోడలు ఇప్పుడెక్కడున్నట్టు?"

"తెలీదత్తయ్యా."

"మీ పుస్తకాల్లో రాసుండదా?"

"ఉండదు."

ముసలావిడ వరండా చివరికి కాసేపు చూసింది. ఆ తలుపు తెరిచే ఉంది, లోపల ఎండ పడుతోంది.

"అబద్ధం చెప్తావేమో అనుకున్నా," అని, కత్తిపీట తనవైపు లాక్కుంది. "ఇలా ఇవ్వు. నువ్వు మరీ లావుగా తరుగుతున్నావు."