మోరితాకు టీ

1983 ఫిబ్రవరి 13, ఆదివారం సాయంత్రం, కద్మాలోని మా ఉక్కు కార్ఖానా క్వార్టర్లో, నేను చదువు మానేశానన్న కబురు మా ఆయన నా నోటితోనే జపానుకు పంపించబోయాడు.

వచ్చిన అతిథి మోరితా. కార్ఖానాలో కొత్త కొలిమి బిగించడానికి వచ్చిన ఇంజనీరు. జపానులోని సెందాయ్‌లో నాకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు పాత శిష్యుడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. కార్ఖానాలో ఆయనకు దుబాసీ ఉన్నాడు. మా ఇంట్లో నేను.

అక్కడ మాస్టర్స్ ముగించి ఆడపడుచు పెళ్ళికి వచ్చాను. ఏప్రిల్లో డాక్టరేటుకు చేరాలి. సీటు ఉంచుతాను, వచ్చేదీ రానిదీ మోరితాతో చెప్పి పంపమన్నాడు ప్రొఫెసరు.

"ఇద్దరం ఇనుమే చదివాం కదా. ఒక కొంపకి రెండు ఇనుములెందుకు?" అని మా ఆయన ఉమామహేశ్వర్ పెళ్ళి పందిట్లో అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"జపానెళ్ళి ఏటి నేర్సుకొచ్చినావే?" అని అత్తగారు అడిగారు.

"టీ పొయ్యడం అత్తయ్యా."

"అది ఈడ నేర్పలేకపోదుమా యేటి!"

నేను చెప్పింది అబద్ధం కాదు. అక్కడ ప్రొఫెసరు ల్యాబులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరికంటే ముందు వెళ్ళి బల్లలు తుడవాలి. ఎవరి కప్పు వాళ్ళది, ఒకరిది ఒకరికిస్తే మర్యాద తప్పినట్టు. నా తర్వాత చేరిన కుర్రాడికీ నేనే పొయ్యాలి. కొలిమిలోంచి నమూనా తీసే వేళకు ప్రొఫెసరు కప్పు వైపు చెయ్యి చూపించేవాడు. నేను టీ పోసి వచ్చేసరికి నమూనా ఇంకొకరు తీసి, దాని మీద తమ పేరు రాసుకునేవారు. ఆడపిల్ల పోస్తే టీ రుచే వేరు అనేవాడు ప్రొఫెసరు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. పొయ్యకపోతే మాత్రం అంటారు. రెండు చోట్లా టీ నేనే పొయ్యాలి. అక్కడైతే పక్కనే కొలిమి ఉంటుంది.

ఉమామహేశ్వర్ మోరితాను చూసి నవ్వుతూ, తెలుగులో నాతో అన్నాడు: "చెప్పు. ఇల్లు చూసుకోవాలి, నా ఇష్టంతోనే మానేశాను అని. నా పేరు రాకూడదు."

"నా ఇష్టంతోనా?"

"అరే, మెహమాన్ ముందు తమాషా చెయ్యకు. బోల్ దో."

నేను మోరితాకు జపానీలో చెప్పాను. "ఏప్రిల్లో వస్తున్నానని ప్రొఫెసరుగారికి చెప్పండి. టీ మాత్రం ఇక పొయ్యను. అది కూడా చెప్పండి."

మా ఆయనకు బదులుగా నవ్వుతున్న మోరితా ఆ నవ్వు ఆపాడు. నా వైపు చూశాడు, తర్వాత మా ఆయన వైపు. రెండు మాటలూ చెప్తానన్నాడు. రెండోది ప్రొఫెసరుకు నచ్చదన్నాడు.

"ఏటన్నాడు?" అని మా ఆయన అడిగాడు.

"చెప్తానన్నాడు. ప్రొఫెసరుగారికి నచ్చదట."

"నచ్చకపోతే మానె," అన్నాడు మా ఆయన. సోఫాలో వెనక్కి జారబడ్డాడు.

వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది. "కుసుమా, టీ దింపినాను. అట్టుకెళ్ళు."

నేను లేవలేదు.

"కుసుమా! సల్లారిపోతంది!"

మా ఆయన నా వైపు చూశాడు. మోరితా ఎదురుగా ఉన్న ఖాళీ బల్ల చూస్తున్నాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ట్రే ఉమామహేశ్వర్ తెచ్చాడు.