ఆనందమ్మ సాక్ష్యం

మా చెల్లెలు ఆరాధన కొడుకు పుట్టుకతోనే లోపం తెచ్చుకున్నాడు. పొట్టకూ ఛాతీకీ మధ్య పొరలో రంధ్రం. పేగులు పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కేశాయి. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, పేగుల్ని కిందికి దించి, కుట్లు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: పిల్లాడు ఎదిగేకొద్దీ కుట్టు విడిపోవచ్చు, పేగు మెలిపడవచ్చు, పచ్చగా కక్కుకుంటే గంట కూడా ఆగకండి.

ఆరాధన ఆ మాట మరవలేదు. ఆమె అత్త ఆనందమ్మకు ఆ మాటతో పనిలేదు. పిల్లాణ్ణి అత్తగారి ఊరు సుల్తానాబాద్ తెచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో లేచి, ప్రభువు నా మనవడికి సంపూర్ణ స్వస్థత ఇచ్చాడని సాక్ష్యం చెప్పేసింది. సంఘమంతా ఆమెన్ అంది. సాక్ష్యం చెప్పాక మళ్లీ ఆసుపత్రి గడప తొక్కితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనట. ఇక ఆ ఇంట్లో చెకప్ అంటే అవిశ్వాసం. పిల్లాడు పాలకు ముఖం తిప్పుకుంటే, తల్లికి పాలు పట్టడం రాదన్నారు. కోడలి మీదికి నెట్టేస్తే ఏ రోగమైనా తేలికే.

కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. వాకిట్లో షామియానా, పొయ్యి మీద మటన్. చొప్పదండి నుంచి నేనూ వెళ్లాను. పొద్దున్నే పిల్లాడు పచ్చగా కక్కాడు. ఆరాధన ఆ గుడ్డ తెచ్చి భర్త జోయల్‌కు చూపించి, పోదాం పద అంది. జోయల్ తల్లి ముఖం చూశాడు. పెళ్లిచూపుల్లోనూ అంతే.

"గిప్పుడు దవఖానకు పోతే నా సాక్ష్యం ఏంగావాలె? ప్రార్థన కానియ్యుండ్రి," అంది ఆనందమ్మ.

నేను పిలిచిన ఆటోను జోయల్ తిప్పి పంపాడు. పాటలయ్యాయి, వాక్యమైంది. పాస్టరు పిల్లాడి తల మీద చెయ్యి పెట్టాడు. పాపం, ఆయనకు కక్కిన సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లాడు ఏడుపు మానేశాడు. నెమ్మదించాడని అందరూ సంతోషించారు. ఆరాధన మాత్రం బిడ్డను లాక్కుని రోడ్డు మీదికి పరుగెత్తింది, వెనకే నేను.

కరీంనగర్ చేరేసరికి పేగు నల్లబడింది. చాలా భాగం కోసేశారు. పొద్దున తెస్తే దక్కేదన్నాడు సర్జన్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు జోయల్ వార్డు బయట గోడకు తల బాదుకున్నాడు. పిల్లాడు బతికాడు. కానీ తాగిన పాలు ఒంటికి పట్టవు. నరంలోకి ఎక్కించే సీసాలతోనే బతుకు. ఏడాది నిండినా కూర్చోలేడు.

పుట్టినరోజు వారం చర్చికి తెచ్చారు. ఆనందమ్మ మళ్లీ లేచి, రెండోసారీ ప్రభువే కాపాడాడని మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆరాధన కొడుకును ఎత్తుకుని నిలబడింది.

"గా దినం నా కొడుకు పచ్చగ కక్కిండు. దవఖానకు పోతనంటె ఆపిండ్రు. మా అత్త సాక్ష్యం నిలవడాలని నా కొడుకు పేగు పోయింది. గిది నా సాక్ష్యం. ఇగ ఆమెన్ అనుండ్రి."

నేనొక్కదాన్నే ఆమెన్ అన్నాను.