ముత్యం మామ బండి కాలిన సంగతి

నాకు కోపం ఎక్కువని మా ల్యాబ్‌లో అందరూ అంటారు. ఉండదా మరి. బ్యాటరీలను మేకులతో పొడిచి, ఉప్పునీళ్లలో ముంచి, మంట మీద పెట్టి, అవి ఎప్పుడు ఎలా అంటుకుంటాయో చూడడం నా ఉద్యోగం. అంత చూసినదాన్ని, జనం అవే బ్యాటరీల పక్కన మంచాలు వేసుకుని పడుకుంటున్నారంటే ఒళ్లు మండదా. కానీ రెండువేల ఇరవై ఒకటి మే నెలలో అమ్మ సూరత్ నుంచి ఫోన్ చేసి "మీ మామ బండి కాలిపోయింది బిడ్డా, సమ్మక్క సచ్చిపోయింది" అన్నప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు.

ముత్యం మామ మా అమ్మ రాజమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా వాళ్లందరిలాగే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల మీద పనిచేశాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాక, మళ్లీ సేఠ్ గడప తొక్కనని చెప్పి బ్యాటరీ ఆటో కొన్నాడు. రెండో వేవ్‌లో నవాగామ్‌లో వాళ్ల గల్లీలో ఎవరికి ఊపిరి ఆడకపోయినా మామ బండే ఆసుపత్రికి మోసింది. అంబులెన్సు దొరకని రోజులవి. ఎవరినీ పైసా అడగలేదు. చివరికి ఆ జబ్బు మామ భార్య సమ్మక్క అత్తకే వచ్చింది. తగ్గింది కూడా, కానీ లేచి నడిచే బలం ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం మామ బండిని గుమ్మానికి ఆనించి, కిటికీలోంచి వైరు లాగి చార్జింగ్ పెట్టి, ఆమెకు కొబ్బరిబోండం తేవడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి గుమ్మంలో బండి మండుతోంది. ఉన్నది ఒకటే గది, ఒకటే తలుపు. మంట ఆమె దాకా రానేలేదు, పొగకే ప్రాణం పోయింది.

నింద బ్రహ్మచారి మీద పడింది. బ్రహ్మచారి అన్నది పేరే, ఆయన లింబాయత్‌లో బ్యాటరీలు బాగుచేస్తాడు. మామ బ్యాటరీలో పాడైన సెల్లులు తీసేసి వేరేవి వేసింది ఆయనే. పాత మాల్ వేసి మనిషి ప్రాణం తీశాడని గల్లీ మొత్తం తీర్మానించింది. ఆయన షాపు షట్టర్ విరగ్గొట్టారు. పోలీసు కేసయింది. నిపుణులు చూసి చెప్పాక చార్జిషీటు వేస్తామన్నారు. కాలిన బండ్ల మీద మా ల్యాబ్ పరిశోధన చేస్తోంది కాబట్టి ఆ పని తిరిగి తిరిగి మా దగ్గరికే వచ్చింది. సొంత మేనమామ కేసు, నేను ముట్టుకోకూడదు సార్ అని మా డైరెక్టరుతో చెప్పాను. "చూసేదీ సంతకం పెట్టేదీ ఉమాకాంత్. మీరు ఆయనకు తోడు వెళ్లండి, ఆ మనుషుల భాష ఆయనకు రాదు" అన్నాడు.

ఉమాకాంత్ గారిది కాకినాడ. బండ్లను గోడకు గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో కొలిచే మనిషి. ఎంత ఘోరం చూసినా గొంతు పెంచడు. ఆ నిమ్మళం చూస్తే కూడా నాకు ఒళ్లుమంటే.

జూన్ చివర్లో సూరత్ చేరాం. మామ మా అమ్మ దగ్గరే, లింబాయత్‌లోని ఒంటిగది ఖోలీలోనే ఉంటున్నాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది, గడ్డం నెరిసిపోయింది. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వచ్చినవ్, గంతే సాలు బిడ్డా. వాడు ఏం మాల్ ఏసిండో బయటికి తియ్యి. సమ్మక్క ఊకెనే పోలేదని నలుగురికి ఎరుక కావాలె."

"తీస్త మామా" అన్నాను. అప్పటికి నేనూ అది బ్రహ్మచారి నిర్వాకమే అనుకుంటున్నాను. అతన్ని కటకటాల వెనక చూసేదాకా నిద్రపోకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున బ్రహ్మచారే గల్లీ మొదట్లో నా కోసం నిలబడి ఉన్నాడు. దగ్గరికి రావడానికి జంకి, దూరం నుంచే చేతులు జోడించాడు. "అమ్మా, నువ్వు ఏది తేలిస్తే గదే. నేనైతే మంచిగనే జేసిన" అన్నాడు. నేను మొహం తిప్పుకుని వెళ్లిపోయాను.

కాలిన బ్యాటరీ పెట్టెను పోలీసు స్టేషన్ వెనక రేకుల షెడ్డులో విప్పాం. వరసలు వరసలుగా పేర్చిన సెల్లుల్లో సగానికి పైగా బొగ్గయిపోయాయి. ఒక మూల మాత్రం నిలిచింది. మామ చెప్పిన గుర్తును బట్టి బ్రహ్మచారి చెయ్యిపెట్టింది సరిగ్గా ఆ మూలే. ఆయన వేసిన అతుకులు ఒక్కటీ ఊడలేదు. సెల్లుల మీద అచ్చు ఇంకా కనబడుతోంది. కొత్త సరుకు, మంచి సరుకు.

"మంట ఇక్కడ పుట్టలేదండీ" అన్నారు ఉమాకాంత్ గారు. "అటు చూడండి."

ఆయన చూపించింది ఎదురు మూల. అక్కడ పెట్టె మూతకు గాలి కోసమని కన్నాలున్నాయి. వాటి కిందే సర్క్యూట్ బోర్డు. బోర్డు అంచునా, సెల్లులను కలిపే లోహపు పట్టీల మీదా తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పొర పేరుకుని ఉంది. పట్టీలు చెదలు తిన్నట్టు తినేసి ఉన్నాయి. ఆయన ఆ పొరను కాస్త గీకి, నీళ్లలో కలిపి, వెంట తెచ్చిన పరీక్ష కాగితం ముంచి చూశారు.

"క్లోరైడు. చాలా ఉంది. ఎవరో దీని మీద ఏదో పోస్తూ వచ్చారు. తడి ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు మీదుగా కరెంటు దొంగదారి పడుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది."

"మంట ఆర్పడానికి పోసిన నీళ్లేమో" అన్నాను. అలా అయితే బాగుండునని నాకే ఎందుకు అనిపించిందో అప్పుడు తెలియలేదు.

"ఆర్పే నీళ్లు ఒక్క పూటలో లోహాన్ని ఇలా తినవు కదండీ. కాలని బండి ఒకటి చూద్దాం, ఇదే రకం పెట్టె ఉన్నది."

దిండోలి రోడ్డు మీద ఆటోల లైనుకు వెళ్లాం. మామ నడిపింది ఆ లైనులోనే. గంగారాం అనే డ్రైవరు, మామ ఈడువాడే, ముత్యమన్న మేనకోడలు వచ్చిందని సంబరంగా తన బండి చూపించాడు. సీటు లేపగానే గుప్పున బ్లీచింగ్ వాసన కొట్టింది. నా మాస్కు లోపలికి కూడా వచ్చింది.

"గిదేంది గంగారామన్నా?"

"బ్లీచింగ్ నీళ్లు. పొద్దుగాల ఒకపాలి, మాపటికి ఒకపాలి కొడ్తం. సీటు మీద కొడితె సాలదు, లేపి లోపట గూడ కొట్టాలె. బీమారి సందులల్లనే దాస్కుంటదని ముత్యమన్న నేర్పిండు మాకు. అన్న బండి లెక్క సాఫ్ బండి గీ లైన్ల ఇంకోటి లేకుండె."

ఉమాకాంత్ గారు ముందు తీగ ఊడదీసి, తర్వాత పెట్టె మూత విప్పారు. అదే తెల్ల పొర. అదే చోట. పట్టీ అంచును ఉప్పు అప్పుడే కొరకడం మొదలుపెట్టింది. నేను ఆ రోడ్డు మీదే చతికిలబడ్డాను. గంగారాం ఎండదెబ్బ అనుకుని నీళ్ల సీసా చేతికిచ్చాడు.

గంగారాంతో ఈ పూటకు చార్జింగ్ పెట్టవద్దని మాత్రం చెప్పి, పక్కనున్న చాయ్ కొట్టు దగ్గరికి నడిచాం. ఉమాకాంత్ గారు గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టారు.

"అసలు తప్పు పెట్టె చేసినవాడిది. సీటు కింద పెట్టే పెట్టెకు పైన కన్నాలేమిటి, మూతకు రబ్బరు లేకపోవడమేమిటి. ఆ సంగతి గట్టిగా రాస్తాను. బయటి నుంచి రసాయనం చేరింది అని ఒక్క ముక్క రాస్తే బ్రహ్మచారి బయటపడతాడు. ఎవరు పోశారన్నది రాయక్కర్లేదు. మీ మామయ్యకు తెలియక్కర్లేదు."

"మరి ఈ లైనులో బండ్లన్నీ? రేపు గంగారాం ఇల్లు కాలితే?"

"వాళ్లకు మనం చెబుదాం."

"మనం చెబితే వినడానికి మనమెవరం? ముత్యమన్న చెప్పాడని చేస్తున్నారు. పైగా వీళ్లకు చెప్పిన గంటకే ఎవడో ఒకడు పోయి మామ మొహం మీదే అనేస్తాడు. మీకేం, మీ బొమ్మలకు మేనమామలు ఉండరు."

అనకూడని మాట అన్నానని అప్పుడే తెలిసింది. ఆయన మాత్రం నొచ్చుకున్నట్టు కనబడలేదు. "చెప్పొద్దని అనడం లేదు సుమనా. ఎలా తట్టుకుంటాడా అని" అన్నారు.

ఇంటికి వెళ్లి ముందు అమ్మకు చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదేమో. అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"కడుపు సించుకుంటె కాళ్ల మీదనే వడ్తది. గా బ్రహ్మచారి ఎట్లన్న బయటవడ్తడంటివి గదా. ఇగ ఊకో."

"ఇంకో ఇల్లు కాలితే అమ్మా?"

"నాకు ఎవలి ఇండ్లు ఎరుక లేదు. నా తమ్ముడు బతకాలె. ఆడు గా బ్రహ్మచారిని తిట్టుకుంట ఇంత బువ్వ తింటుండు. గది గూడ గుంజుకుంటవా?"

అమ్మ మాటలో అబద్ధం లేదు. ఒక మనిషి మీద కోపమే మామను నిలబెడుతోంది. దాన్ని తీసేస్తే ఇంకేం మిగులుతుందో నాకూ తెలియదు. కానీ చేతులు జోడించి గల్లీ మొదట్లో నిలబడ్డ ఆ మనిషి మీద కదా ఆ కోపం. గంగారాం బండి చార్జింగ్ పెట్టేది కూడా వాళ్ల గుమ్మంలోనే కదా.

సాయంత్రం మామ వచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే "దొరికిందా బిడ్డా?" అన్నాడు.

"బ్రహ్మచారి తప్పు లేదు మామా."

"ఏంది?"

"మంచి సెల్లులే ఏసిండు. ఆయన చేసిన కాడ కాలనే లేదు."

మామ మొహం ఎర్రబడింది. "వాడు ఎంత ముట్టజెప్పిండే నీకు? సొంత అత్త సస్తె..."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు నేను తాడెత్తున లేచేదాన్ని. ఆ రోజు కోపం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. బ్లీచింగ్ నీళ్ల సంగతి చెప్పాను. ఉప్పు, కన్నాలు, పట్టీలు, గంగారాం బండి, అన్నీ చెప్పాను. చిన్నప్పుడు మామ నాకు మగ్గం చూపించి దారం ఎక్కడ తెగుతుందో చెప్పినట్టు, అంత నెమ్మదిగా చెప్పాను. అమ్మ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

మామ అంతా విని, "నేను కొట్టకపోతె గామె బతికేదా?" అన్నాడు.

"పెట్టె మంచిది కాదు మామా. వానకాలం వస్తే వాన నీళ్లైనా పోతయి లోపలికి. చేసినోళ్లదే పెద్ద తప్పు. ఉమాకాంత్ సార్ గదే రాస్తుండు..."

"నేనడిగింది గది కాదు."

ఎన్నో పరీక్షలు చేశాను. ఎన్నో నివేదికలు రాశాను. బహుశా అని, అవకాశం ఉందని, నిర్ధారించలేమని రాయడం నాకు బాగా వచ్చు. ఆయన కళ్లలోకి చూశాక అవేవీ నోటికి రాలేదు.

"బతికేది మామా."

అమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ సదువు మన్నువడ. ఇంత కతం జేస్తవా నా తమ్ముణ్ణి" అని ఏడ్చింది. మామ చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. నాకు భయం వేసింది. రైలు పట్టాలు దగ్గరే. వెనకాలే పరుగెత్తాను.

ఆయన పట్టాల వైపు పోలేదు. షేర్ ఆటో ఎక్కి దిండోలి రోడ్డులో దిగాడు. నన్ను ఎక్కవద్దని అనలేదు కానీ దారంతా నా వైపు చూడలేదు. లైనులో బండ్లు సాయంత్రం కడుగుడులో ఉన్నాయి. ఒకడు సీటు లేపి బ్లీచింగ్ పంపు కొడుతున్నాడు. మామ వెళ్లి వాడి చేతిలో పంపు తీసుకుని కింద పెట్టాడు. అన్న చాలా రోజులకు వచ్చాడని నలుగురూ చుట్టూ చేరారు.

"గీ నీళ్లు లోపట కొట్టకుండ్రి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "బ్యాటరీని తింటయి. నా బండి గిట్లనే కాలింది. కొట్టింది నేను, మీకు నేర్పింది నేను. బ్రహ్మచారి ఏం జెయ్యలె. ఆయన షట్టర్ మనమే ఇరగ్గొట్టినం, మనమే పెట్టియ్యాలె. పొద్దున పొయ్యి ఆయన కాళ్లు మొక్కుత. ఒస్తె రాండ్రి, లేకుంటె లేదు."

గంగారాం తన పంపు మూత తీసి నీళ్లు మోరీలో పోశాడు. అది చూసి ఇంకొకడు పోశాడు. మామ రోడ్డు అంచున కూర్చున్నాడు. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడడనుకుంటూ నేనూ పక్కన కూర్చున్నాను.

"దినాం పొద్దుగాల మీ అత్త అనేది బిడ్డా" అన్నాడు మామ, ఎదురుగా చూస్తూ. "గా వాసనకు కండ్లు మండుతున్నయ్, దమ్ము వడ్తలేదు, ఇగ సాలియ్యి అనేది. జర ఓర్సుకోవే, నువ్వు బతకాలె గదా అన్న."