భీమిలి దారిలో ఖాళీ సీట్లు

హైదరాబాద్ శాలిబండలో అంజన్, లలితమ్మల లొల్లి వినపడకుండా ఆ గల్లీలో ఎవరికీ తెల్లారేది కాదు. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో బర్రెలు, బర్రెల మధ్య వీళ్లిద్దరూ. దాణా ఎక్కువ వేశావని ఆయన, కుడితి తక్కువ పెట్టావని ఆవిడ, పాల చెంబు ఎక్కడ తగలేశావని మళ్లీ ఆయన. ఎదురింటివాళ్లు అలారం పెట్టుకోవడమే మానేశారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఈ మొగుడూ పెళ్లాలు రేపో మాపో విడిపోతారని బెంగపడేవారు. పాతవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఆ ఇంట్లో పలకరింపు అలాగే ఉంటుందని వాళ్లకు తెలుసు.

అంజన్ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక గొంతుక్కూర్చుని పాలు పితికే పని పెట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బర్రెల్ని శంషాబాద్ అవతల ఒకతనికి అమ్మేశారు. ఆఖరి బర్రె బండెక్కిన కొన్నాళ్లకు అంజన్ మాట్లాడటం మానేశాడు. అలిగినట్టు కాదు. పెట్టింది తినేవాడు, రమ్మంటే వచ్చేవాడు, అడిగినదానికి ‘ఊ’ అనేవాడు. ఒకరోజు లలితమ్మ కావాలనే కూరలో ఉప్పు వేయలేదు. ఆయన అదీ తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ పూట ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తిట్టని అంజన్‌తో ఒకే కప్పు కింద ఉండాలంటే ఆవిడకు నిజంగానే భయమేసింది.

బహదూర్‌పురాలో కాపురముంటున్న కూతురు పూజిత ఇదంతా చూసింది. ఆఫీసులో ఎవరో వెళ్లొచ్చారట, తనూ చెన్నై నుంచి బయల్దేరే ఓడకు ఇద్దరికీ టికెట్లు తీసింది. “గాలి మారితే బాపు మారుతడమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు” అంది.

గాలి మారింది గానీ బాపు మారలేదు. ఓడ మీద అంతా తిరునాళ్లలా ఉంటే అంజన్ గదిలో మంచం మీద కూర్చుని టీవీ చూశాడు. లలితమ్మ ఒక్కతే పైకెళ్లి, పాటలు విని, పేరు తెలియని పదార్థాలన్నీ తలా కాస్తా రుచి చూసి, ఒకటీ బాగా లేదని చెప్పుకోవడానికి మనిషి లేక కిందికి వచ్చేసింది. ఇక మిగిలింది విశాఖపట్నం. ఓడ అక్కడ పొద్దున ఆగి సాయంత్రం కదులుతుంది. పూజిత ముందే ఒక ప్రైవేట్ కారూ, గైడూ మాట్లాడి ఉంచింది. సముద్రం పక్కనే భీమిలి దాకా పోయి రావడం. ఈ ఒక్కరోజులో ఈ మనిషి నోరు తెరిపించాలని, తెరిపించలేకపోతే ఇక తనవల్ల కాదని లలితమ్మ ఓడ మెట్లు దిగుతూనే అనుకుంది.

రేవు గేటు బయట వాళ్ల పేర్లు రాసిన అట్ట పట్టుకుని వంశీధర్ నిలబడి ఉన్నాడు. గైడూ అతనే, డ్రైవరూ అతనే. ఇస్త్రీ చొక్కా, చక్కటి నవ్వు, వెనక ఏడుగురు పట్టే పెద్ద కారు.

“ఈరోజంతా బండి మీదేనండి. మీరూ, సారూ, నేనూ. మధ్యలో ఇంకెవ్వరూ రారు” అన్నాడు గర్వంగా.

లలితమ్మ కారులోకి తొంగి చూసింది. గదిలో ఉన్న ‘ఊ’ ఇప్పుడు కారులోకి వచ్చిందన్నమాట. పైగా ఆ ఖాళీ సీట్లు. శాలిబండ నుంచి చార్మినార్‌కి పోయే షేర్ ఆటోలో డ్రైవరు తన సీటులో సగం కూడా ఇంకొకడికి ఇచ్చేదాకా బండి కదపడు. అప్పటికీ ఎవరైనా చెయ్యెత్తితే, ‘జర సర్కో’ అని లోపలివాళ్లే జరిగి చోటిస్తారు. లలితమ్మ పుట్టి పెరిగింది ఆ ఆటోల్లో. రోడ్డు పక్కన మనుషులు ఎండలో నిలబడి ఉండగా ఇన్ని సీట్లు గాలికి పోవడం ఆవిడ కంటికి అన్నం పారబోసినంత తప్పుగా కనపడింది.

కారు బీచ్ రోడ్డెక్కింది. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం. వంశీధర్ తనకు తెలిసినవన్నీ ఓపిగ్గా చెప్పాడు.

రుషికొండ దగ్గర లలితమ్మ అంజన్ మోచేతిని పొడిచింది. “చూసినవా సముద్రం?”

“ఊ.”

“ఎంత పెద్దగుందో.”

“ఊ.”

వంశీధర్ ఒక జోక్ వేశాడు. నవ్వేవాళ్లు లేక అతనే కాస్త నవ్వుకుని, తర్వాత అతనూ మాటలు తగ్గించాడు. ఏసీ చప్పుడు మాత్రం మిగిలింది. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్కన, ఖాళీ చేపల గంపతో బస్సు కోసం చూస్తున్న ఒకామె కనపడింది.

“ఆపు బిడ్డా” అంది లలితమ్మ.

“ఏమైందండి?”

“ఏంగాలే. ఆమెను ఎక్కిచ్చుకుందాం.”

వంశీధర్ అద్దంలోంచి చూశాడు. “మేడమ్, ఇది ప్రైవేట్ టూర్ అండి.”

“గైతే ఏంది? సీటు ఖాళీగుంది గద.”

ఈ ప్రశ్నకు అతని శిక్షణలో జవాబు లేదు. కారు ఆగింది. లలితమ్మ తలుపు తీసి, “అక్కా, ఎక్కు. జాగ ఉంది” అంది.

చేపలామె కారునూ, తన గంపనూ మార్చి మార్చి చూసింది. “ఓలమ్మ, నానెక్కితే కారంతా చేపలోసనొస్తాది.”

“మా ఇంట్ల బర్రెలుండె. వాసనకు ముక్కు మూసుకునేటోళ్లం గాదు. ఎక్కు.” తర్వాత మొగుడివైపు తిరిగి, “జర సర్కో” అంది.

అంజన్ జరిగాడు. బర్రెల మాట వినగానే ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు గానీ, లలితమ్మ అది గమనించలేదు. ఆవిడ అప్పటికే చేపలామె పిల్లలెందరో, అల్లుడేం చేస్తాడో తెలుసుకునే పనిలో పడింది. చేపలామెకూ మాట్లాడటమంటే ఇష్టమే. కారు సందడిగా మారింది. ఎర్రమట్టి దిబ్బలు చూపించడానికి వంశీధర్ కారు ఆపితే ఆమె కూడా దిగి చూసింది. ఇన్నేళ్లుగా పక్కనుంచి పోవడమే గానీ లోపలికి రావడానికి తీరిక దొరకలేదట.

భీమిలిలో ఆమెను బస్టాండు దగ్గర దింపుదామన్నాడు వంశీధర్. లలితమ్మ ఒప్పుకోలేదు. ఇంటి ముందు దింపించింది. ఇంటి ముందు దిగిన మనిషి వీళ్లను ఊరికే పోనిస్తుందా. అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది, ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. పులుసు మండిపోతోంది. వంశీధర్ చెంబెడు నీళ్లు తాగాడు. లలితమ్మ ఆశగా మొగుడి ముఖంలోకి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా అంజన్ ఒక్క మాట అనకుండా పళ్లెం ఖాళీ చేశాడు.

“బావుందా బావూ?” అంది చేపలామె.

“ఊ” అన్నాడు అంజన్.

లైట్‌హౌస్ చూశారు. సముద్రంలో కాళ్లు తడుపుకున్నారు. అలలు వచ్చి పోతుంటే ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఇంత పెద్ద సముద్రం ఒక్క క్షణం ఊరుకోకుండా మోగుతోంది, ఈ మనిషికేమైందని లలితమ్మకు దుఃఖం వచ్చింది. రోజు సగం దాటింది. తనవల్ల కాలేదు. వంశీధర్ వచ్చి, అయిదింటికల్లా ఓడెక్కెయ్యాలని, ఆ తర్వాత మెట్లు తీసేస్తారని గుర్తుచేసినప్పుడు, ఆవిడ కాళ్లు తుడుచుకుని వెళ్లి కారులో కూర్చుంది.

అలాగే నేరుగా పోయి ఉంటే ఈ కథ లేదు. తిరుగు దారిలో ఒక ముసలాయన నిలువెత్తు ఫ్యాన్‌ను భుజానికి ఆనించుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. లలితమ్మ చూడనట్టు కూర్చోవాలనే అనుకుంది. కారు ఆయన్ని దాటింది కూడా. కానీ ఆవిడ మెడ దానంతటదే వెనక్కి తిరిగింది.

“ఆపు బిడ్డా.”

“మేడమ్, టైమ్ లేదండి.”

“పెద్దమనిషి. ఫ్యాన్ మోసుకోని బస్సెట్ల ఎక్కుతడు?”

ఆయన పేరు వైకుంఠం. రిపేరుకిచ్చిన ఫ్యాన్ తీసుకుని కూతురింటికి పోతున్నాడు. ఫ్యాన్ ఎటు పెట్టినా ఇమడలేదు. చివరికి దాని తల అంజన్ ఒళ్లో, కాలు లలితమ్మ భుజం మీదుగా వెనక సీటులో సర్దుకుంది. వైకుంఠం ముందు సీట్లో హాయిగా కూర్చున్నాడు.

“మా అమ్మాయిల్లు దారిలోనేనండి. పక్క వీధే” అన్నాడు.

పక్క వీధి పక్కన ఇంకో వీధి, దాని చివర ఒక సందు, ఆ సందులో ఎవరిదో పెళ్లి పందిరి. కారు వెనక్కి రావాల్సి వచ్చింది. దిగేటప్పుడు ఫ్యాన్ జాలీలో అంజన్ చొక్కా గుండీ ఇరుక్కుంది. అది తెగిపోయింది గానీ ఫ్యాన్ మాత్రం క్షేమంగా దిగింది. కూతురు కాఫీ తాగమంది. వంశీధర్ చేతులు జోడించాడు.

మళ్లీ పెద్ద రోడ్డెక్కేసరికి వంశీధర్ ఫోను ఆగకుండా మోగుతోంది. రేవు నుంచి. అందరూ ఎక్కేశారట, వీళ్లిద్దరే మిగిలారట. వంశీధర్ చొక్కాకున్న ఇస్త్రీ ఎప్పుడో పోయింది. ఊళ్లోకి వచ్చాక సిగ్నల్ దగ్గర కారాగింది. అక్కడ బస్టాపులో ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. లలితమ్మ చెయ్యి కిటికీ అద్దం దింపే మీట మీదికి పోయింది.

ఆ చేతిని అంజన్ పట్టుకున్నాడు.

“ఇంకొక్కరిని ఎక్కిచ్చినవంటే నేను దిగి హైదరాబాద్ దాంక నడుసుకుంట పోత” అన్నాడు.

వంశీధర్ అద్దంలోంచి చూశాడు. సారుకు గొంతుందని అతనికి అప్పుడే తెలిసింది.

“ఏందే నీ లొల్లి? పొద్దుగాల్ల సంది చూస్తున్న. చేపల గంప ఎక్కిచ్చినవ్, ఊకున్న. నోరంత కాలె, ఊకున్న. ఫ్యాన్ తెచ్చి నా ఒళ్లె పెట్టినవ్. పూజిత కొనిచ్చిన అంగీ, గుండీ తెగింది. ఓడ పోతే ఎట్ల పోతవే? ఈదుకుంట పోతవా?”

కారు రేవు గేటు దగ్గర ఆగింది. ముగ్గురూ దిగి పరుగెత్తారు. మోకాలు ఆపరేషన్ అయిన మనిషి అందరికంటే ముందున్నాడు. వెనక ఎండుచేపల పొట్లంతో వంశీధర్, మధ్యలో లలితమ్మ. పరుగెత్తుతూ కూడా అంజన్ తిట్టడం ఆపలేదు. కాపలావాళ్లు కార్డులు చూసే పేరుతో కాసేపు ఆపితే వాళ్ల ముందే తిట్టాడు. వాళ్లకు తెలుగు వచ్చు. వాళ్లు తల దించుకుని నవ్వుకున్నారు.

వంశీధర్ పొట్లం చేతికిచ్చి, ఒంగిపోయి రొప్పుతూ, “హ్యాపీ జర్నీ అండి” అన్నాడు.

“సల్లగుండు బిడ్డా” అంది లలితమ్మ. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

ఓడ మెట్ల మీద సగం దాకా ఎక్కాక అంజన్ ఆయాసంతో ఆగాడు. కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది.

“జాగ ఖాళీ కనవడితె నీ పానం ఆగదు. బర్రెలు పోయి వారం గూడ గాలే, పక్కింటోళ్లను పిలిచి కొట్టంల స్కూటర్లు పెట్టుకోమన్నవ్. నన్ను ఒక్క మాట అడిగినవా? పొద్దున లేసి కొట్టంలకు పోతే స్కూటర్లు. గా స్కూటర్లను చూసి నేనేం మాట్లాడాలె?”

లలితమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. నిజమే. పక్కింటివాళ్లు అడగను కూడా లేదు. కొట్టం బోసిగా ఉంటే చూడలేక తనే పిలిచి ఇచ్చింది. ఆ బోసితనం ఆయనకు కొన్నాళ్లు కావాలేమోనని ఆవిడకు తట్టనే లేదు. ఆయన మాట పోయింది బర్రెలు పోయిన రోజున కాదు, స్కూటర్లు వచ్చిన రోజున. నెలల తరబడి తను మొగుడి నోరు తెరిపించాలని చూసింది గానీ, అది మూసుకోవడంలో తన చెయ్యి ఉందని అనుకోలేదు. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

అంజన్ కాసేపు చూశాడు.

“మాట్లాడవేందే?” అన్నాడు. “పక్కనున్న మనిషి మాట్లాడకుంటె ఎట్లుంటదో నీకు ఎరికేనా?”

“ఎరికే” అంది లలితమ్మ.

కింద ఓడ మనిషి పైకి కదలమని చెయ్యి ఊపుతున్నాడు. అంజన్ ఒక మెట్టు కిందికి దిగి, ఆవిడ చేతిలోంచి ఎండుచేపల పొట్లం తీసుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే ఎక్కసాగారు.

“పోంగనే స్కూటర్లు తీపిస్త” అంది లలితమ్మ.

“తీపియ్యి. ఖాళీగనే ఉండనీ కొన్ని దినాలు.”

“ఉండనీ.”

నాలుగు మెట్లు ఎక్కారు. లలితమ్మ ఆపుకుందామని చూసింది. ఆగలేకపోయింది.

“ఎన్ని దినాలు?” అని అడిగింది.

అంజన్ మళ్లీ మొదలుపెట్టాడు.