ఎండ తగలని చోట ఉంచండి

నేను ఒక కాగితాన్ని. నాలుగు మడతలు, రెండు వైపులా సన్నటి జపాను అక్షరాలు. ఇంగ్లండులో ఐదుగురు కుర్రాళ్ళు గిటార్లు వాయించి చేసిన ఒక పాటల రికార్డుకు యాభై ఏళ్ళు నిండాయని టోక్యోలో ఒక కంపెనీ దాన్ని మళ్ళీ అచ్చువేసింది. ఆ దేశంలో రికార్డు లోపల దాని కథ చెప్పే కాగితం ఒకటి పెట్టడం ఆనవాయితీ. అలా పుట్టాను.

నన్ను రాసింది ఒక ముసలి విమర్శకుడు. కుర్రతనంలో ఒక్క కప్పు కాఫీ తీసుకుని సాయంత్రం దాకా హోటల్లో కూర్చుని ఆ పాటలు విన్నానని రాశాడు. బయట వాన పడుతుండేదట. అతని రాత అయిపోయాక, అడుగున కొంచెం ఖాళీ మిగిలితే కంపెనీవాళ్ళు తమ మాట చేర్చారు: ‘రికార్డును ఎండ తగలని చోట ఉంచండి. తడిగుడ్డతో తుడవకండి.’ నా బతుకంతా ఈ చివరి మాటల చుట్టూనే తిరుగుతుందని అప్పుడు నాకేం తెలుసు!

నన్ను కొన్నది విశాఖపట్నం వల్లభరావు. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. అతని గదిలో గోడ పొడుగునా రికార్డులే. మాలాంటి జపాను రికార్డుల్ని అతను వినడు. అట్టకు చుట్టిన పట్టీ నలగకుండా, లోపలి కాగితం పోకుండా దాచుకుంటాడు. వినడానికి పాతవి వేరే ఉన్నాయి. ఇలా దాచేవాళ్ళు ఊరూరా ఉన్నారట, ఒకరికొకరు ఫోటోలు పంపుకుంటారు. చదవనివాళ్ళు ఇంత ప్రేమగా చూసుకునే కాగితం లోకంలో ఇంకోటి ఉండదేమో.

ఆదివారం సాయంత్రాలు స్నేహితులు చేరేవారు. డేనియల్ సీసా తెచ్చేవాడు. ఎల్లాజీ ఊరికే వచ్చేవాడు. కుర్రతనంలో ముగ్గురూ రేవు దగ్గర నావికుల క్లబ్బులో కలిసి వాయించినవాళ్ళే. అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు ఎల్లాజీ. ఒకసారి జపాను నావికుడొకడు అతని గిటారు టేపులో ఎక్కించుకుని పట్టుకెళ్ళాడు. తరవాత ఎల్లాజీ పోర్టులో ఇనుపరాయి దించే మిషన్ల దగ్గర పనికి కుదిరాడు. ఆ మోత ముందు ఎడమ చెవిని తినేసింది, కుడి చెవిలో కాస్త మిగిల్చింది. కేకేస్తే వినపడుతుంది, పాట వినపడదు. అయినా వచ్చి, తిరిగే రికార్డును చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఆదివారం వల్లభరావుకు హుషారెక్కింది. నన్ను మడతలు విప్పి ఎల్లాజీ ఎడమ చేతిలో పెట్టి, అతని కుడి చెవి దగ్గరికి వంగాడు.

“ఒరే, నీ పేరుందిరా ఇందులో!”

“నా పేరేటి? ఏలాకోలాలాడకు గురూ.”

“నిజంరా! నీ టేపు ఆ నావికుడు ఎవరికో వినిపించాడంట. విశాఖపట్నం రేవులో ఎల్లాజీ అనే కుర్రోడు ఈ మూడో పాటని అసలోళ్ళకన్నా బాగా వాయించాడని రాశారు. ఇదిగో, ఇక్కడ!”

డేనియల్ నవ్వాపుకోలేక గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎల్లాజీ నా అడుగున వేలు పెట్టాడు. “ఈ చిన్న కిటికీలాగున్నదేనా?”

“అదే. అక్కడే మొదలు.”

ఆ అక్షరానికి అర్థం సూర్యుడు. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. అరిచినా ఎడమ చెవి వైపున్నాను.

“ఇంటికి తీసుకెళ్ళి మీ ఆవిడకి సూపించుకో, అడిగినప్పుడు తెచ్చియ్యి,” అన్నాడు వల్లభరావు. ఎల్లాజీ నన్ను చొక్కా లోపల పెట్టుకుని గుమ్మం దాటాక వెనక ఇద్దరూ పగలబడి నవ్వడం నాకు వినపడింది.

నూకరత్నం, అతని భార్య, నన్ను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. మర్నాడు జెరాక్సు షాపులో నాకు లామినేషన్ చేయించారు. కిటికీ పక్కన మేకుకు తగిలించారు. ఆ అక్షరం మీద ఆవిడ కుంకుమ బొట్టు పెట్టింది. తోడికోడళ్ళు, వదినలు, వీధివాళ్ళు అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ఎల్లాజీ ఎప్పుడో గిటారు అమ్మేసుకున్నాడు. ఇప్పుడు మంచం పట్టెమీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. వినాయక చవితి పందిట్లో వీధి కుర్రాళ్ళు అతనికి శాలువా కప్పారట. వల్లభరావు, డేనియల్ కూడా వచ్చి, ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారట.

చలికాలంలో ముంబైలో ఒక పెద్దమనిషి మా రికార్డు మీద మనసుపడ్డాడు. బదులుగా వల్లభరావు ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న రికార్డు ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు, లోపలి కాగితం ఉండాలి. వల్లభరావు కబురు పెట్టాడు. ఎల్లాజీ నన్ను సంచిలో పెట్టుకుని వచ్చాడు గాని సంచి మూతి వదల్లేదు.

“ఇంకేదన్నా అడుగు గురూ. ఇది మాత్రం అడక్కు.”

“అది నాదిరా!”

“నీదే. కానీ నా పేరుంది కదా.”

“అందులో నీ పేరు లేదురా!”

“ఏటీ?” కుడి చెవి తిప్పాడు ఎల్లాజీ.

“నీ పేరు లేదు! తమాషాకన్నాం!”

“వినపడలేదు గురూ, గట్టిగా చెప్పు.”

వల్లభరావు పక్కింటికి వినపడేలా అరిచాడు. ఎల్లాజీ పక్కనే ఉన్న డేనియల్ వైపు చూశాడు. డేనియల్ గోడకున్న రికార్డుల్ని చూస్తున్నాడు. నమ్మడని వల్లభరావు సంచిలోంచి నన్ను లాగి, బొట్టున్న చోట ఫోను పట్టాడు. ఫోను తెర మీద జపాను అక్షరాల చోట తెలుగు అక్షరాలు తేలాయి. ఎల్లాజీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఎండ తగలని చోట ఉంచండి. తడిగుడ్డతో తుడవకండి.

అప్పుడు గాని వల్లభరావు నన్ను సరిగ్గా చూడలేదు.

“ప్లాస్టిక్ వేయించావా? కుంకుమా! సంపేశావు కదరా, యాభై ఏళ్ళ స్నేహానికి ఇదేనా నువ్వు చేసింది!” నన్ను నేలకు కొట్టాడు. “ఇంకెవడిక్కావాలి? పట్టుకుపో!”

ఎల్లాజీ వంగి నన్ను తీసుకున్నాడు. తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంట్లో నన్ను మళ్ళీ అదే మేకుకు తగిలించాడు. నూకరత్నం కుడి వైపుకు వచ్చి, “వల్లభరావు బాబుగారేటన్నారు?” అని కేకేసింది. అతను మెల్లిగా తల తిప్పి ఎడమ చెవి పెట్టాడు.

“ఏటీ?”

“ఏటీ లేదులే. అన్నం తిందూ రా.”

మళ్ళీ ఆదివారం వచ్చింది. అతను ఇల్లు కదల్లేదు. మంచం పట్టెమీద వేళ్ళు కూడా ఆడించడం లేదు. శుక్రవారాలు ఆవిడ తడిగుడ్డతో నన్ను తుడిచి బొట్టు పెడుతుంది. మధ్యాహ్నాలు కిటికీలోంచి ఎండ తిన్నగా నా మీదే పడుతుంది. విమర్శకుడి వాన ఎప్పుడో వెలిసిపోయింది, కాఫీ కప్పు కూడా కనపడటం లేదు.

నిన్న ఆవిడ తరఫు చుట్టాలెవరో అనకాపల్లి నుంచి వచ్చారు. “పేరెక్కడుంది బావా?” అని అడిగారు, చెవిలో కేకేసి. నూకరత్నం సంబరంగా మొగుడి మొహంలోకి చూసింది.

అతను మంచం మీంచి లేచాడు. నా దగ్గరికొచ్చి, ఆ చిన్న కిటికీ మీద వేలు పెట్టాడు.

“ఇదే,” అన్నాడు. “ఇక్కడే మొదలు.”