గుర్తు వెయ్యని కోటు

తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనగానే సుయ్‌మని ఆవిరి లేచి ముఖానికి కొట్టింది. ఆమె ముఖం తిప్పుకోలేదు. ఇన్నేళ్ళూ లాండ్రీలో ఆ ఆవిరికే ఉడికి, బుగ్గలు ఎప్పుడూ జ్వరం తగిలినట్టు ఎర్రగా ఉంటాయి. కుడి మణికట్టు మీద కాలిన మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి ఏది పాతదో ఏది కొత్తదో ఆమెకే తెలియదు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. నిజంగా అక్కా అని పిలవాల్సింది మాత్రం ఒక్కతే. ఆ ఒక్కతీ సాయంత్రం బస్సుకి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళిపోతోంది.

లాండ్రీలో ఒక పద్ధతుంది. వచ్చిన ప్రతి బట్టకీ కాలర్ లోపలో అంచునో పుల్లని నల్లసిరాలో ముంచి గుర్తు వేస్తారు. ఒక ఇంటికి చుక్క, ఒక ఇంటికి సున్నా. పనివాళ్ళ బట్టలకి మాత్రం వెయ్యరు. గుర్తు లేనిది కనిపిస్తే మనదే అని మూల అరలో పెట్టేస్తారు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ చెల్లి గౌన్లూ, బడి చొక్కాలూ ఆ అరలోనే ఏటికేడు పొడుగయ్యాయి.

పొద్దున చెల్లి సూట్‌కేసు ఇక్కడికే ఈడ్చుకొచ్చింది.

"అక్కా, వీటికి గుర్తు వేసి పెట్టవా? హాస్టల్లో అందరివీ కలిపి ఉతుకుతారట."

అక్క మనసు చివుక్కుమంది. అడిగినదాంట్లో తప్పేముంది గనక? అయినా చివుక్కుమంది.

"ఏం గుర్తే?"

"ఏదైనా సరే. ఇక్కడ ఇంకెవరికీ లేనిది."

"అయితే ఇంజనీరమ్మ కూడా మనకు గిరాకీ అయిపోయిందన్నమాట!" అన్నాడు యజమాని. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొచ్చేట్టుంది.

చొక్కాలకీ, తువ్వాళ్ళకీ, దుప్పట్లకీ చిన్న త్రికోణం వేసుకుంటూ పోయింది. ఖాకీ వర్క్‌షాపు కోటు ఒక్కటీ ఆఖరికి ఉంచింది. అది తనే గుడ్డ ఎంచి కుట్టించింది, బిరుసు పోయేదాకా ఉతికించింది. మొదటి రోజు దాన్ని వేసుకుని చెల్లి మిషను ముందు నిలబడుతుంది. ఆ ముచ్చట తను చూడబోదు. కనీసం తన చేతి ఇస్త్రీ అయినా ఆ పూట చెల్లి ఒంటి మీద ఉండాలి. ఆమె ఆశంతా అంతే. జేబు అంచు మీద పెట్టెను ఒకటికి రెండుసార్లు నడిపింది.

ఇంతలో హోటలు దుప్పట్ల మూటలు దిగాయి. సాయంత్రానికే కావాలట. ఇక ఊపిరి తీసుకుంటే ఒట్టు. తలెత్తేసరికి చెల్లి సూట్‌కేసు మూసేసి గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నీ పెట్టుకున్నావా?"

"ఆఁ, అన్నీ పెట్టేశా."

"వేళకి తింటూ ఉండవే."

బస్సు మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి మళ్ళీ దుప్పటి అందుకుంది.  మడతలు ఎప్పట్లాగే తిన్నగా వచ్చాయి. అదే ఆమెకు మరీ బాధనిపించింది.

రాత్రి లాండ్రీ మూసే వేళకి ఫోను మోగింది.

"అక్కా, సూట్‌కేసులో కోటు లేదే?"

అక్క చటుక్కున తల తిప్పింది. మూల అర వైపు చూసింది. దుప్పట్ల హడావిడిలో ఎప్పుడో కోటు కాలర్ తిప్పి ఉంటుంది. గుర్తు లేదు. మనదే అనుకుని చెయ్యి తన పాటికి తను దాన్ని అక్కడ పెట్టేసింది.

"అయ్యో నా మతి మండ! పొద్దున్నే మొదటి బస్సుకి పంపిస్తానే."

"వద్దులే అక్కా. ఇక్కడ కాలేజీలోనే అమ్ముతారట, కొనేసుకుంటా. నువ్వేం శ్రమపడకు."

వెనక ఎవరో ఆడపిల్లలు నవ్వుతున్నారు. చెల్లి కూడా వాళ్ళతో కలిసి నవ్వుతూనే ఫోను పెట్టేసింది.

అక్క కోటు తీసి బల్ల మీద పరిచింది. కాలర్ తిప్పి, పుల్ల సిరాలో ముంచింది. అలాగే నిలబడింది. పుల్ల కొసన సిరా ఆరిపోయింది. చివరికి కోటు మళ్ళీ మడిచి, తీసిన చోటే పెట్టి, లైటు తీసి వెళ్ళిపోయింది.

మూల అరలో ఆమె పాత శాలువా మీద ఖాకీ కోటు ఉంది. జేబు అంచు ఇంకా కత్తిలా నిలిచి ఉంది. కాలర్ లోపల ఏ గుర్తూ లేదు.