అమ్మ అన్న ఊ

మా అమ్మ ఊ అనే తీరును బట్టి ఆమె ఏ పనిలో ఉందో నేను చూడకుండానే చెప్పగలను. సంకటి గెలికేటప్పుడు ఆ ఊ సగం ఊపిరి, సగం మాట. రాట్నం దగ్గర పట్టుపోగు పళ్ల మధ్య పట్టుకుని ఉన్నప్పుడు ముక్కులోంచి వస్తుంది. బట్టలు పిండేటప్పుడు మధ్యలో తెగిపోతుంది. చీర కొంగుకు కుచ్చులు కట్టేటప్పుడు మాత్రం మెత్తగా, పొడుగ్గా ఉంటుంది. ఆ ఒక్క పని అమ్మకు ఇష్టం.

ధర్మవరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఇంటి ముందు గదంతా మగ్గమే. నాయన మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు. ఆయన నేయాలంటే పట్టుపోగు చుట్టిన కండెలు కావాలి, ఆ కండెలు అమ్మ రాట్నం మీద చుట్టాలి. కొత్తవాళ్లెవరైనా వచ్చి ఏం పనప్పా అని అడిగితే నాయన "చీరలు నేస్తాండా" అంటాడు. మరి మీ ఇంటామె అంటే "ఆమె ఏమీ లేదు, ఇంటికాడే ఉంటాది" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా అమ్మ ఆయన వెనకాలే రాట్నం తిప్పుతూ ఉంటుంది. పొద్దున లేచింది మొదలు నాయన వాళ్లమ్మ, మా జేజి నాగలక్ష్మమ్మ ఒకటి అడుగుతుంది, నాయన ఒకటి అడుగుతాడు, నేనూ ఒకటి అడుగుతాను. అన్నిటికీ అమ్మ ఊ అంటుంది. ఆ ఊకు అర్థం సరే అని కాదు. వింటున్నాను, నేను ఇక్కడే ఉన్నాను అని. చిన్నప్పుడు జేజి నాకు కథ చెబుతూ ఊ కొట్టమనేది. కొట్టకపోతే కథ ఆపేసేది. ఊ కొట్టినంత మాత్రాన ఆ కథలో రాజు చిన్న భార్యను అడవికి పంపడం మంచిదని నేను ఒప్పుకున్నట్లా?

నేనూ అమ్మలాంటిదాన్నే. బడిలో సారు "అర్థమైందా?" అంటే ఊ. అర్థం కాకపోయినా ఊ. చెప్పాలనుకున్నవి ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసుకుంటాను.

పోయిన ఏడాది అమ్మ ఫోన్‌లో నేనే ఒక యాప్ పెట్టాను. ఇంట్లో ఆడవాళ్లు చేసిన వస్తువుల ఫోటోలు అందులో పెడితే దూరం ఊళ్లవాళ్లు చూసి పని ఇస్తారు. అమ్మ కట్టిన కుచ్చుల ఫోటోలు పెట్టాను. మీ ఫోటో కూడా పెట్టండి అని యాప్‌లో అడిగితే అమ్మను మగ్గం పక్కన నిలబెట్టి తీశాను. పసుపు రంగు చీర, చెవుల వరకు నవ్వు. కుచ్చులు కట్టడానికి చీరలు పార్సిల్‌లో రావడం మొదలైంది. బెంగళూరు నుంచి ఒకామె "హేమావతి గారూ, మీ చేతి పని చూసి మా పెళ్లిలో అందరూ మీ పేరు అడిగారు" అని రాసింది. అమ్మ దాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది. మా ఇంట్లో తయారయ్యే చీరలన్నీ కేశవ, అంటే మా నాయన, నేసిన చీరలే. హేమావతి అనే పేరు ఉన్నది ఆ ఫోన్‌లో మాత్రమే.

ఈ ఎండాకాలం ఒక సాయంత్రం నాయన ధర్మవరం నుంచి ముఖం ముడుచుకుని వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా తన ఫోన్ తీసి అమ్మ ముందు పెట్టాడు.

"చూడు. యాక్టింగు చేస్తాండావంట గదా. మాకు చెప్పనే లేదే."

ఫోన్‌లో అమ్మ ఉంది. అదే పసుపు చీర, అదే మగ్గం. కానీ నేను తీసిన ఫోటోలో అమ్మ కదలదు. ఇందులో కళ్లు ఆర్పుతోంది, చేతులు తిప్పుతోంది, నోరు తెరిచి మాట్లాడుతోంది. గొంతు అమ్మది కాదు, మాట కూడా మా వైపు మాట కాదు. "నమస్తే అండీ, నా పేరు హేమావతి. ఒకప్పుడు నేను ఇంట్లో ఖాళీగా కూర్చునేదాన్ని. మా వారికి భారంగా ఉండేదాన్ని. ఈ యాప్ వచ్చాక నా జీవితమే మారిపోయింది." కింద కంపెనీ పేరు, నవ్వుతున్న బొమ్మ.

"మనూరి ఓబిలేష్‌గాడు అంగట్లో పదిమంది ముందర పెట్టి చూపించినాడు," అన్నాడు నాయన. "కేశవన్నా, నీ పెండ్లాం నీకు బరువైందంట గదప్పా, మోయలేకపోతే చెప్పు, ఆటో మాట్లాడతా అంటాడు. అందరూ ఒకటే నగడం."

జేజి కూడా చూసింది. "మా వారు అంటాండాదే," అంది ఆశ్చర్యంగా. "నువ్వు ఏ పొద్దూ అట్ల అనింది ల్యా."

"నేను అనల్యా అత్తా. ఆ గొంతు నాది కాదు."

"ముఖం నీదే గదా," అన్నాడు నాయన. "ఇంగ ఆ ఫోన్ పెట్టెలో పెట్టు. కుచ్చులూ వద్దు, ఏమీ వద్దు."

అమ్మ ఊ అనలేదు, ఊహూ అనలేదు. మగ్గం పక్కనుంచి లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నేను వెనకాలే పోయాను. అంగట్లో నవ్వినందుకు, నాయన అరిచినందుకు బాధపడుతోందని అనుకున్నాను. అమ్మ రాగిపిండి ఎసట్లో పోస్తూ, నా వైపు చూడకుండా అంది:

"నేను ఖాళీగా యా పొద్దు కూచున్న్యా పాపా?"

గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నేను పుట్టిన రోజున కూడా మధ్యాహ్నం దాకా కండెలు చుట్టిందని జేజి గొప్పగా చెబుతుంది. పెద్దమ్మ చనిపోయి దినాలకు పోయినప్పుడు కూడా అక్కడ వంటే చేసింది. అమ్మ చేతులు ఒళ్లో ఊరికే పెట్టుకుని కూర్చున్న జ్ఞాపకం నాకు ఒక్కటీ లేదు.

ఆ ఫోటో తీసింది నేను. అందుకే ఆ బొమ్మ తీసేయించేది కూడా నేనే అనుకున్నాను. నాయనను బతిమాలి, బొమ్మ తీసేసేవరకు ఫోన్ పెట్టెలో పెట్టకుండా ఆపాను.

యాప్‌లో ఫిర్యాదు రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. మార్చి నెలలో చేసిన మా ఆటోమేటిక్ కాల్‌లో మీరు స్పష్టంగా అంగీకారం తెలిపారు, మీ సహకారానికి ధన్యవాదాలు అని. అది చదివి వినిపిస్తే జేజి "అనింటావులే, అన్నిటికీ ఊ అనేదే గదా నువ్వు" అంది. అమ్మకు కాల్ గుర్తుంది. "ఎవురో పాప మాట్లాడింది. మెల్లగా, మర్యాదగా మాట్లాడింది. మధ్యలో పెట్టేస్తే బాగుండదని వింటాంటి. ఏం చెప్పిందో సగం తెలీలేదు." ఆ పాప పాప కాదని, మిషన్ అని నేను చెప్తే అమ్మ నమ్మలేదు. "నా పేరు పెట్టి పిలిచింది," అంది.

కంపెనీ నంబరుకు చేయడానికి ముందు ఏం మాట్లాడాలో నోటుబుక్కులో రాసుకున్నాను. అటు ఎత్తింది కూడా మిషనే. అమ్మ ఫోన్ తీసుకుని "మా బొమ్మ తీసెయ్యాల" అంది. "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు" అంది మిషన్. "నా బొమ్మ పెట్టుకోనుండారు గదా, దాన్ని తీసెయ్యాల" అంది అమ్మ. "క్షమించండి." మూడోసారి నేను తెలుగు వాచకంలో పాఠం చదివినట్లు "నా చిత్రాన్ని తొలగించండి" అన్నాను. వెంటనే అర్థమైంది. మా అమ్మ చెప్పిన ఒక్క మాటా అర్థం కాని ఆ మిషన్‌కు, మా అమ్మ అన్న ఊ మాత్రం అంత బాగా ఎలా అర్థమైందో.

అది మమ్మల్ని ఒకచోటు నుంచి ఇంకో చోటుకు పంపింది. ఇది నొక్కండి, అది నొక్కండి. చివర్లో "మీ సమస్య పరిష్కారమైందా?" అని అడిగింది. నా నోట్లోంచి ఊ అని వచ్చేసింది. అలవాటు. "ధన్యవాదాలు, మీ ఫిర్యాదు ముగించబడింది" అని ఫోన్ పెట్టేసింది. నేను ఏడ్చాను. అమ్మ నా నోటుబుక్కు తెచ్చి ఇచ్చి, "రాసుకో. ఊ అనగూడదని రాసుకో" అంది. కొత్త పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

రోజూ బడి నుంచి వచ్చి ముఖం కడుక్కుని ఫోన్ చేయడం నా పని అయింది. ఐదో రోజున మనిషి దొరికింది. తన పేరు జ్యోతిలక్ష్మి అని చెప్పింది. ఆమె కూడా ముందు రాసి పెట్టినదే చదివింది: అంగీకారం రికార్డు అయి ఉంది మేడమ్, మేమేమీ చేయలేం మేడమ్. నేను ఊ అనకుండా మౌనంగా ఉన్నాను. ఊ వినపడకపోతే మనుషులకు మాట సాగదు కదా. ఆమె కాసేపు ఆగి, గొంతు తగ్గించి అంది: "ఆ రికార్డింగ్ మాకు పంపండి అని మెయిల్ రాయండి. చాలామంది అడగరు. మీరు అడగండి."

రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. పద్దెనిమిది రోజులకు రికార్డింగ్ వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, నాయన గుంతలో ఉన్నాడు, జేజి గడప దగ్గర తమలపాకు నమలుతోంది. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

ముందు మిషన్ గొంతు: "నమస్తే హేమావతి గారూ." వెనకాల రాట్నం చప్పుడు. అమ్మ ఊ ముక్కులోంచి వచ్చింది. అంటే పళ్ల మధ్య పోగు ఉంది. మిషన్ మా సేవలు, మా కుటుంబం అని చెబుతూ పోతోంది. దాని మీదుగా నాయన గొంతు: "మే, ఎర్ర కండెలు యాడ పెట్టినావు?" ఊ అంటూనే అమ్మ లేచిన చప్పుడు. గాజుల చప్పుడు. మళ్లీ రాట్నం. మిషన్. నా గొంతు: "అమ్మా, నా యూనిఫాం ఉతికినావా?" నేను ఉలిక్కిపడ్డాను. ఊ. పొయ్యి మీద ఏదో పొంగిన చప్పుడు, అమ్మ పరుగు, మూత. మళ్లీ రాట్నం. "మే, కాఫీ." ఊ. ఆ రోజు మాకు నీళ్లొచ్చే రోజు. నాలుగు రోజులకు ఒకసారి వదులుతారు, అరగంట వస్తాయి. బయట బిందెల గోల వినపడుతోంది.

అప్పుడు మిషన్ అడిగింది: "మీ పేరును, మీ చిత్రాన్ని మా ప్రచారంలో అవసరమైన మార్పులతో వాడుకోవడానికి మీరు అంగీకరిస్తున్నారా?"

అదే క్షణంలో, ఇంకా గట్టిగా, జేజి: "హేమా, కొళాయి కింద బిందె పెట్టినావా?"

"ఊ."

"ధన్యవాదాలు. మీ అంగీకారం నమోదు చేయబడింది."

రికార్డింగ్ ఆగిపోయింది. మొత్తం ఆరు నిమిషాలు. మగ్గం ఎప్పుడు ఆగిందో మేము గమనించలేదు. నాయన పోగు నడిపే నాడెను చేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"అది నేనా?" అంది జేజి. "నా గొంతు ఇంత కరుకుగా ఉంటాదా?"

అమ్మ "ఇంగోసారి పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. రెండోసారి విన్నాక నా వైపు తిరిగింది.

"దీన్ని తుడిచెయ్యాకు పాపా. ఇది నా దగ్గర ఉండాల. ఇప్పుడు ఆ పాపకు ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతా."

జ్యోతిలక్ష్మి దొరికేసరికి అరగంట పట్టింది. అమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, ఆ ఊ మీకు అనింది కాదు. మా అత్తకు అనింది. కొళాయి కింద బిందె పెట్టినావా అంటే పెట్న్యా అని అనింది. మీ మిషన్‌కు ఊ కొట్టేది తెలీకపోతే మాతో తెలుగులో ఎందుకు మాట్లాడాల? ఇంకోటి. నేను ఖాళీగా కూచునేదాన్నని మీరు చెప్పించినారు. ఆ ఆరు నిమిషాలూ మీ దగ్గర ఉండాది గదా, విని చెప్పమ్మా. నేను యాడన్నా కూచున్న్యానా?"

అటువైపు కీబోర్డు చప్పుడు వినపడింది. తర్వాత జ్యోతిలక్ష్మి, "పై వాళ్లకు పంపిస్తాను మేడమ్. ఏడు పనిదినాలు పడుతుంది. అంతవరకు యాడ్ అలాగే ఉంటుంది. సరేనా మేడమ్?" అంది.

అమ్మ పెదవులు ముడుచుకున్నాయి. ఊ వచ్చి అక్కడ నిలబడింది. నాకు కనపడింది. అమ్మ దాన్ని మింగేసింది.

"సరే కాదు," అంది. "తీసేస్తిమని నువ్వు చెప్పేవరకు నేను లైన్లోనే ఉంటా. పోయి అడుగు."

పాట మొదలైంది, వేచి ఉండమని చెప్పే పాట. అమ్మ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి కిటికీలో ఉంచింది. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల మీద పట్టుపోగు కోసిన గీతలు ఉన్నాయి. అవి కదలడం లేదు.

పది నిమిషాలయ్యాక నాయన మగ్గం మీద నుంచి ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "మే, కండెలు అయిపోవచ్చినాయి."

అమ్మ కిటికీలో ఫోన్ వైపే చూస్తోంది.

"నిన్నే. కండెలు."

"కనపడల్యా?" అంది అమ్మ, కోపం లేకుండా. "ఖాళీగా కూచోనుండా."

జేజి నమలడం ఆపింది. నాయన నా వైపు చూశాడు. అమ్మకు తీరిక లేనప్పుడు కండెలు నేనే చుట్టాలి. నా కాళ్లు లేవడానికి సిద్ధమయ్యాయి కూడా. కానీ నోటుబుక్కులో రాసుకున్న పేజీ గుర్తొచ్చింది. నేను జరిగి అమ్మ పక్కన గోడకు ఆనుకుని, నా చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. అలా ఎన్నిసార్లు మొదలైందో. చివరికి నాయన గుంతలోంచి పైకి వచ్చి, ఎవరినీ చూడకుండా రాట్నం ముందు కూర్చున్నాడు. పోగు రెండుసార్లు తెంపుకున్నాడు.

పాట ఆగింది.

"మేడమ్, ఆ యాడ్ ఆపించాను. ఇప్పుడే తీసేశారు. వింటున్నారా మేడమ్?"

"వింటాండా," అంది అమ్మ. "ఇంగోసారి గట్టిగా చెప్పుమ్మా. ఈడ అందరూ వినాల."